నాయన పిన్ నంబరు

మా నాయన బ్యాంకు పిన్ నాకు తెలుసు. అమ్మ పిన్ కూడా తెలుసు. నా పిన్ మాత్రం వాళ్లిద్దరికీ తెలీదు.

పోయిన డిసెంబరు దాకా నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ కొడుకున్నాడంటే అంతే కదా! కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, నాయన పెన్షన్, అమ్మ డ్వాక్రా వాయిదా... అన్నీ నా ఫోన్లోనే. బెంగళూరులో ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని రేణిగుంటలో ఇల్లు నడిపేస్తున్నానని లోపల్లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

మీలో చాలామంది ఇదే పని చేస్తుంటారని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎలా మొదలైందంటే

నాయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. రేణిగుంట తిరుపతికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న జంక్షన్. చెన్నై నుంచి ముంబై పోయే లైనూ, గూడూరు నుంచి కాట్పాడి పోయే లైనూ ఇక్కడ కలుస్తాయి. మా వీధిలోనే నలుగురు రైల్వే పెన్షనర్లున్నారు.

రెండేళ్ల కిందట నాయనకి ఒక ఫోనొచ్చింది. కేవైసీ చేయకపోతే ఈ రాత్రికే ఖాతా ఆగిపోతుందని. నాయన ఓటీపీ చదవడం మొదలుపెట్టాడు. ఆరంకెల్లో మూడు చెప్పేశాడు. అంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఎవురికి చెప్తా ఉండావు ఆ నంబర్లు?" అంటూ ఫోను లాక్కుని కట్ చేసేసింది. డబ్బు పోలేదు.

కానీ నాకు భయం పట్టుకుంది. ఆ శనివారమే ఊరికెళ్లి, సోమవారం బ్యాంకులో నాయన ఖాతాకి నా ఫోన్ నంబరు రాయించాను. ఇక ఓటీపీలు నాకే వస్తాయి కదా, ఎవరూ మోసం చేయలేరు. యాప్ నా ఫోన్లో వేసుకున్నాను. ఏటీఎం కార్డును అందులోనే ఆపేసి పెట్టాను. "నీకు కావాలన్నప్పుడు చెప్పు, ఆన్ చేస్తా" అన్నాను. నామినీగా నా పేరే రాయించాను. అమ్మ ఖాతాకీ అన్నీ అలాగే చేశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆ రోజు మోసాన్ని ఆపింది అమ్మ. నేనేమో ఆ మోసం పేరు చెప్పి అమ్మ ఖాతా కూడా నా చేతిలోకి తీసుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

ఆ తర్వాత నాయన ఫోన్లో యూపీఐ పనిచేయడం మానేసింది. బ్యాంకులో ఏ నంబరుంటే ఆ సిమ్ము ఫోన్లో ఉండాలి కదా. అప్పట్నుంచి నాయన ఫోన్ చేసేవాడు. "రేయ్, మందుల షాపుకి ఆరొందలు కొట్రా." నేను మీటింగ్‌లో ఉంటే "ఒక్క నిమిషం నాయనా" అనేవాణ్ని. ఆ ఒక్క నిమిషం ఒక్కోసారి అరగంటయ్యేది. ఆ అరగంట ఆయన షాపు ముందు నిలబడి ఉండేవాడని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ రాత్రి

డిసెంబరులో ఒక రాత్రి పన్నెండు దాటాక అమ్మకి షుగర్ పడిపోయింది. ఒళ్లంతా చెమటలు, మాట తడబడింది, తర్వాత పిలిస్తే పలకలేదు. ఇంట్లోనే ఉండి తిరుపతిలో డిప్లొమా చదివే మా అక్క కొడుకు ఆ వారం శ్రీకాళహస్తిలో వాళ్లింటికి పోయున్నాడు. పక్కింటి ఆటో అన్నను లేపి, ఇద్దరూ కలిసి అమ్మను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. లోపల డాక్టర్లు వెంటనే చూశారు. కౌంటర్లో అడ్వాన్సు 20 వేలు కట్టమన్నారు.

నాయన జేబులో 1,300 ఉంది. ఖాతాలో లక్ష పైనే ఉంది. పక్కనే ఉన్న ఏటీఎంలో కార్డు పెట్టాడు. చెల్లదని వచ్చింది. తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. ఎలా చెల్లుతుంది? దాన్ని ఆపింది నేనే కదా.

నాకు ఫోన్ చేశాడు. నేను నిద్రలో ఉన్నాను. ఫోను సైలెంట్‌లో ఉంది.

చివరికి ఆటో అన్న తన ఫోన్లోంచి ఎనిమిది వేలు కట్టి, వాళ్ల బామ్మర్దిని నిద్ర లేపి మిగతాది వేయించాడు. ముప్పై ఏళ్లకి పైగా ఉద్యోగం చేసి, తన పెన్షన్ తన ఖాతాలోనే పెట్టుకుని, నాయన ఆ రాత్రి అప్పు చేశాడు.

తెల్లవారి ఐదున్నరకి లేచి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. కింద ఒక వాయిస్ మెసేజ్. "ఏం లేదులే. అమ్మకి బాగుండాది. నిద్ర లేసినాక చెయ్యి." అంతే. గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేదనిపించింది.

దొరికిన బస్సెక్కాను. పలమనేరు దాటుతుంటే యాప్ తెరిచి నాయన కార్డు ఆన్ చేశాను. వేలితో ఒక్కసారి తాకితే అయిపోయింది.

టోకెన్ కథ

మూడో రోజు అమ్మ ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం మిద్దె మీద నాయన దగ్గర కూర్చుని, "ఇకమీదట రాత్రుళ్లు ఫోను సైలెంట్‌లో పెట్టను నాయనా" అన్నాను.

"ఫోను సంగతి కాదురా" అన్నాడు.

నాయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సింగిల్ లైన్ స్టేషన్లో పనిచేశాడు. ఒకే పట్టా మీద రెండు బళ్లు ఎదురెదురుగా రాకుండా అప్పట్లో బాల్ టోకెన్ పద్ధతి ఉండేది. రెండు స్టేషన్లలోనూ ఒక్కో మిషను. అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతలి మిషన్లోంచి ఒక ఇనుప గుండు బయటికొస్తుంది. దాన్ని సంచిలో వేసి, పెద్ద రింగుకి తగిలించి డ్రైవరుకి ఇస్తారు. అది చేతిలో ఉంటేనే బండి ఆ సెక్షన్లోకి పోవాలి. అవతల దిగి ఆ గుండును అక్కడి మిషన్లో వేసేదాకా ఇంకో గుండు బయటికి రాదు.

"టోకెన్ ఎవురి సొంతమూ కాదురా. సెక్షన్ దాటేదానికి ఇస్తాం. దాటినాక తిరిగి పెట్టేయాల. నువ్వు టోకెన్ తీసుకుని బెంగళూరికి ఎత్తకపోయినావు. ఈడ నేను బండి పెట్టుకుని కూర్చోనుండా."

కాసేపాగి మళ్లీ అన్నాడు. "నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ చేస్తిమి కదా. నేను బతికే ఉండానని చెప్పుకునేదానికి కూడా ఓటీపీ నీ ఫోనుకే వచ్చె." నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు.

ఆఫీసులో అయితే ఇలా చేస్తానా?

నా ఉద్యోగంలో రోజూ చేసే పనుల్లో ఒకటి, ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో చూడటం. కొత్తగా చేరిన కుర్రాడు డేటాబేస్ కావాలంటే చూడ్డానికి మాత్రమే ఇస్తాం. మార్చడానికి ఇవ్వం. ఎవరికైనా వాళ్ల పనికి ఎంత అవసరమో అంతే అనుమతి ఉండాలని 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు రాశారు. ఈ రోజుకీ అదే సూత్రం. మా దగ్గరా టోకెన్లుంటాయి. గంటకో రోజుకో వాటికవే చెల్లకుండా పోతాయి. పాస్‌వర్డ్ పంచుకున్నావని తెలిస్తే మేనేజరు పిలిచి గడ్డి పెడతాడు.

ఇంట్లో మాత్రం నేను చేసిందేంటి? అన్ని తాళాలూ ఒక్కడి జేబులో వేసుకున్నాను. ఆ ఒక్కడికి ఏదైనా అయితే? ఆ బస్సుకే ఏదైనా అయ్యుంటే అమ్మానాయనలకి వాళ్ల సొంత డబ్బు కోసం ఎన్ని నెలలు తిరగాల్సి వచ్చేదో!

భద్రత అనుకున్నది కూడా నిజానికి భద్రత కాదు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా ఎవడో మోసగాడు డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెబితే మనకి నష్టం ఉండదు. అదే పిన్నో పాస్‌వర్డో మనమే ఇంకొకరికి ఇచ్చి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బంతా మన నెత్తినే. ఆ "ఇంకొకరు" కొడుకైతే పర్లేదని ఎక్కడా రాసి లేదు. మోసం జరిగిందని తెలిసిన మరుక్షణం బ్యాంకుకీ, 1930 నంబరుకీ ఫోన్ చేయాలన్న సంగతి ఇంట్లో అందరికీ నోటికి రావాలి. మా ఇంట్లో అది నాకొక్కడికే తెలుసు.

నాలుగు గడులు

మర్నాడు అమ్మ చీటీల లెక్కలు రాసుకునే లాంగ్ నోట్‌బుక్ తీసుకున్నాను. ఒక పేజీలో నాలుగు గడులు గీశాను. చూసేది ఎవరు? ఖర్చు పెట్టేది ఎవరు? మార్చేది ఎవరు? మనిషి లేనప్పుడు అందుకునేది ఎవరు? ఈ నాలుగూ వేరు వేరు. పిన్ చెప్పేస్తే మొదటి మూడూ ఒకేసారి ఇచ్చేసినట్టు. అందుకే పిన్ ఇవ్వడమంత సులువుగా ఉంటుంది, అందుకే అంత ప్రమాదం కూడా.

మొదటిది తొందరగా తేలింది. నాయన ఖాతా మెసేజీలు నాయన ఫోనుకే రావాలి. నెలనెలా స్టేట్‌మెంటు నా ఈమెయిల్‌కి వస్తే చాలు. ఏదైనా తేడాగా కనిపిస్తే అడుగుతాను. మూడోది కూడా తేలిందే. ఫోన్ నంబరు, కార్డు, నామినీ మార్చేది ఖాతా ఎవరిదో వాళ్లే. పక్కన కూర్చుని సాయం చేస్తాను, అంతే.

రెండో గడి దగ్గరే కథ మలుపు తిరిగింది.

నేను యూపీఐ సర్కిల్ గురించి చెప్పాను. 2024 ఆగస్టులో వచ్చిన సౌకర్యం. ఒక ఖాతాదారు తన యూపీఐకి ఐదుగురి దాకా నమ్మకస్తుల్ని చేర్చుకోవచ్చు. వాళ్లకి మన పిన్ చెప్పక్కర్లేదు. రెండు రకాలు. ఒకటి, ముందే పరిమితి పెట్టేస్తాం. నెలకి 15 వేలు, ఒక్కసారికి 5 వేలు మించకుండా వాళ్లే కట్టుకుంటారు. రెండోది, వాళ్లు కట్టబోయిన ప్రతిసారీ మనకి అడుగుతుంది, మనం పిన్ కొడితేనే పోతుంది. కావాలన్నప్పుడు తీసేయొచ్చు. "నాయన ఖాతాలో అమ్మను చేర్చేద్దాం" అన్నాను ఉత్సాహంగా. సమస్య తీరిపోయిందనుకున్నాను.

అమ్మ మంచమ్మీద పడుకునే వింటోంది. "నేను కూరగాయలు కొంటే మీ నాయనకి కనపడతాదా?" అంది.

"కనపడుతుందమ్మా."

"మీ నాయన ఖర్చు నాకు కనపడతాదా?"

"అది... కనపడదు."

"అయితే నాకొద్దులే. ముప్పై తొమ్మిదేండ్లు అడిగి తీసుకుంటిని. ఇంక ఫోన్లో కూడా అడగాల్నా? పరిమితి కాదు నాయనా, ఆ పుస్తకంలో నా పేరు ఉండాల."

నాయన ఆకాశం కేసి చూశాడు. నేను నోట్‌బుక్ కేసి చూశాను. అక్కని చదివించింది అమ్మ చీటీ డబ్బు. ఈ ఇంటి స్లాబుకి కట్టింది అమ్మ గాజుల తాకట్టు. ఇంటి లెక్కలన్నీ తెలిసిన మనిషికి ఇంటి ఖాతాలో పేరు లేదు. ఆ రాత్రి అమ్మకి కాకుండా నాయనకి బాగాలేకపోయుంటే? అమ్మ చేతిలో ఏమీ ఉండేది కాదు. అప్పుడు కార్డు ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా ఒకటే.

బ్యాంకులో

రైల్వే పెన్షన్‌ను భార్యతో కలిపి జాయింట్ ఖాతాలో తీసుకోవచ్చు. ఫ్యామిలీ పెన్షన్ కోసం పెన్షన్ ఆర్డరులో ఆమె పేరుంటే సరిపోతుంది. రేపు పెద్దాయన లేకపోయినా ఆమె పెన్షన్ అదే ఖాతాలో పడుతుంది, కొత్త ఖాతా తెరవాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక చిన్న మాట చూసుకోవాలి. "ఐదర్ ఆర్ సర్వైవర్" అంటే ఇద్దరిలో ఎవరైనా ఎప్పుడైనా తీసుకోవచ్చు. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అంటే మొదటి పేరున్న మనిషి బతికున్నంత కాలం ఆయనే నడపాలి, రెండో మనిషికి ఆ తర్వాతే. ఫారంలో టిక్కు ఎక్కడ పెట్టారన్నదే తేడా. పాస్‌బుక్ మీద రెండు పేర్లున్నాయి కదా అని ధీమాగా ఉండి, ఆసుపత్రి వేళ ఈ సంగతి తెలిస్తే చాలా కష్టం. మీ ఇంట్లో పాస్‌బుక్ ఒకసారి తీసి చూడండి.

అయితే ఐదర్ ఆర్ సర్వైవర్ అంటే ఎవరైనా మొత్తం ఖాళీ చేయగలరు కూడా. అందుకే ఉన్నదంతా అందులో పెట్టకుండా, నెల ఖర్చు, అత్యవసరానికి కొంత అక్కడ ఉంచి, మిగతాది నాయన ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వేశాడు. నా పేరు కూడా జాయింట్‌గా వేద్దామా అంటే నేనే వద్దన్నాను.

కౌంటర్లో మేడమ్ ఫారం ఇచ్చి, "ఫోన్ నంబరు?" అని నా మొహం చూసింది. నేను నోరు విప్పేలోపే నాయన తన నంబరు చెప్పాడు. ఒక్కొక్క అంకె, నిదానంగా.

అమ్మ ఖాతాకి అమ్మ నంబరు తిరిగొచ్చింది. యూపీఐ సర్కిల్ కూడా వృథా కాలేదు. రోజూ తాతను బస్సు చార్జీ అడిగే మేనల్లుడిని నాయనే చేర్చుకున్నాడు. నెలకి రెండు వేలు పరిమితి. వాడు పానీపూరీ తిన్నా నాయనకి తెలిసిపోతోంది. వాడికిది నచ్చలేదు.

నాలుగో గడి

నామినీ విషయానికొచ్చాం. నామినీ అంటే మనిషి పోయాకే. బతికుండి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నప్పుడు నామినీ ఒక్క రూపాయి కూడా తీయలేడు. ఇంకో సంగతి, బ్యాంకు డిపాజిట్లకి నామినీ సొంతదారు కాదు. డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే. వారసుల వాటా వారసులదే. 2010లో ఒక కేసులో బ్యాంకు డిపాజిట్ల గురించి సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. వీలునామా లేకపోతే నాయన సంపాదనలో అమ్మకి, అక్కకి, నాకు సమాన వాటాలు.

మరి నామినీగా నా ఒక్కడి పేరు రాయించినప్పుడు అక్కకి ఎందుకు చెప్పలేదు? దురుద్దేశం ఏమీ లేదు. గుర్తు రాలేదు, అంతే. ఆ గుర్తు రాకపోవడమే అసలు తప్పు.

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో రాయొచ్చు, లేదా ఒకరి తర్వాత ఒకరని రాయొచ్చు. లాకరుకైతే ఒకరి తర్వాత ఒకరన్న పద్ధతే. నాయన డిపాజిట్లకి అమ్మకి 50, అక్కకి 25, నాకు 25 శాతం రాశాడు. ఆ రాత్రి అక్కకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు అటునుంచి ఏమీ వినపడలేదు. "నాయనే రాసినాడా?" అని అడిగింది. "నాయనే రాసినాడు" అన్నాను. "సరేలే, అన్నం తిన్నావా?" అంది.

ఒక కాగితం రాసి బీరువాలో పెట్టాం. ఏ బ్యాంకులో ఏ ఖాతా, ఏ బీమా, ఎవరు నామినీ, ఎవరికి ఎంత బాకీ. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు అందులో లేవు. ఆ కాగితం సంగతి నలుగురికీ తెలుసు.

రాస్తుంటే నాయన అడిగాడు. "మరి నీయి?"

నా పీఎఫ్‌కి నామినేషన్ లేదు. ఆఫీసు ఇన్సూరెన్సులో నామినీ గడి ఖాళీ. నాకు ఎన్ని ఖాతాలున్నాయో ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఇంటి తాళాలన్నీ జేబులో వేసుకున్నవాడి సొంత తలుపు ఇది. ఆ రాత్రే కూర్చుని అన్నీ నింపాను. పీఎఫ్‌ది ఆన్‌లైన్లోనే అయిపోయింది. ఇన్నేళ్లూ వాయిదా వేసిన పని ఒక్క పూటలో తీరిపోయింది.

మొన్న

మొన్న నాయన ఫోన్ చేశాడు. మూడుసార్లు తప్పు కొట్టేసరికి యూపీఐ పిన్ ఆగిపోయిందట. "పిన్ ఎంతరా?" అన్నాడు అలవాటుగా.

"నాకు తెలీదు నాయనా. నువ్వే కదా మార్చుకున్నావు."

"అవును కదా" అని నవ్వాడు. కార్డు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, కొత్త పిన్ తనే పెట్టుకున్నాడు. పక్కన అమ్మ ఓటీపీ చదివి పెడుతోంది. నేను ఫోన్లో వింటూ ఉన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. నేనైతే రెండు నిమిషాల్లో చేసేసేవాణ్ని.

అయ్యాక, "ఏం పెట్టినానో చెప్పమంటావా?" అన్నాడు.

"వద్దు నాయనా" అన్నాను.